రోజుకు రెండు గుడ్లు

మా లేబొరేటరీలో నేను రోజుకు నలభై ఎనిమిది గుడ్లు పగలగొట్టేదాన్ని. వాటిలో ఒక్కటీ మనుషులు తినడానికి కాదు.

క్షయ క్రిమిని సీసాలో పెంచాలంటే గుడ్డు కావాలి. ముందు గుడ్లను సబ్బునీళ్ళతో కడిగి స్పిరిట్‌లో నానబెట్టాలి. ఒక్కొక్కటే చిన్న గిన్నెలో కొట్టి వాసన చూడాలి. బాగుంటే పెద్ద జాడీలో పోయాలి. నురగ రాకుండా కలిపి, పలచటి గుడ్డలో వడకట్టి, ఆకుపచ్చ రంగు మందు వేసి, సీసాల్లో నింపి, ఏటవాలుగా పడుకోబెట్టి వేడి పెట్టెలో ఉంచితే జున్నులా గట్టిపడుతుంది. ఆ పచ్చటి జున్ను మీద రోగి కఫం ఒక చుక్క వేసి వెచ్చటి గదిలో పెట్టి ఎదురుచూడాలి. క్రిమి ఉంటే నాలుగో వారానికో ఆరో వారానికో బొంబాయి రవ్వ చల్లినట్టు పైకి తేలుతుంది. లేదని చెప్పాలంటే మాత్రం ఎనిమిది వారాలు ఆగాల్సిందే. ఆగడం మా పనిలో సగం.

గుడ్లు దాలమ్మ తెచ్చేది. కొండ వెనక ఊళ్ళో ఆమెకు నాటుకోళ్ళు ఉండేవి. బజారు గుడ్డు మా గుమ్మం దాటకూడదు, దాని మీద క్రిమి సరిగా పెరగదు అన్నది పేరిందేవి మేడం గోడ మీద రాసి పెట్టిన నియమం. నేను పనిలో చేరిన మొదటి వారంలోనే నాకు చెప్పిన ముక్క అది. ఎందుకని నేను అడగలేదు. దాలమ్మ గుడ్డు ఒక్కటి కూడా నేను ఇంటికి తీసుకెళ్ళలేదు. అది లేబొరేటరీ సొత్తు.

డాక్టర్ పేరిందేవి మేడం ఇరవై రెండేళ్ళు క్షయ మీదే పనిచేశారు. నా పెనిమిటి ఆవిడ వార్డులోనే పోయాడు. అతనికి ఏ మందూ పట్టలేదు. పద్నాలుగు నెలలు మంచం మీద ఉన్నాడు. అతను పోయాక మేడం నన్ను పిలిచి, గుడ్లు పగలగొట్టే పనుంది, చేస్తావా అని అడిగారు. ఇంట్లో నేనూ మా అత్తా మిగిలాం. చేస్తానన్నాను.

క్షయ నుంచి మేడం కేన్సర్‌కు ఎలా వెళ్ళారో ఆవిడే ఒకసారి కడిగిన సీసాలు ఆరబెడుతూ చెప్పారు. క్షయ క్రిమి ఒంట్లో దూరిన వాళ్ళందరికీ జబ్బు రాదట. చాలామందిలో ఒళ్ళు ఆ క్రిమి చుట్టూ గోడ కట్టేసి, లోపలే ఉంచేసి, తన పని తాను చేసుకుంటుందట. "నలభై ఏళ్ళు గోడ లోపల దొంగను పెట్టుకుని పొలం దున్నుకున్నవాళ్ళను చూశాను రత్నం. అలాంటి గోడే కేన్సర్ గడ్డ చుట్టూ కట్టించగలిగితే అని అప్పట్లో అనిపించింది."

కట్టించడానికి ఆవిడకు పదమూడేళ్ళు పట్టింది. క్షయ క్రిమికి దాయాది లాంటి ఒక క్రిమిని సాధువుగా మార్చారు. అది జబ్బు తేదు. గడ్డ దగ్గరకు వెళ్ళి కూర్చుంటుంది. దాన్ని చూసి ఒళ్ళు గోడ కడుతుంది. మేము దానికి కావలి అని పేరు పెట్టుకున్నాం. అది ఎప్పుడైనా హద్దు మీరితే వెంటనే చంపెయ్యడానికి వీలుగా, మామూలు జ్వరాలకు వేసే మందు కాస్త తగిలినా చచ్చేంత మెత్తగా దాన్ని తయారు చేశారు. జాగ్రత్త కోసం చేసిన పని.

మొదట ఆరుగురికి ఇచ్చారు. ఆరో మనిషి మా అత్త పైడమ్మ. ఆమె ఊపిరితిత్తిలో నిమ్మకాయంత గడ్డ ఉంది.

ఆ రోజు మేడం నా బల్ల మీద గుడ్డు ఒకటి తీసి అత్తకు చూపించారు.

"మీ గడ్డను కొయ్యం, కాల్చం. దాని చుట్టూ ఇలా పెంకు కట్టిస్తాం. లోపలిది లోపలే ఉంటుంది."

"అంటే నా గుండెల్లో గుడ్డు ఎడతావన్నమాట," అంది అత్త. "అది పొదిగితేనో?"

"పొదగదు. కావలి ఉంటుంది."

"కావలోడు నిద్రోతే?"

మేడం నవ్వలేదు. "నిద్రపోదు. ఎవరైనా చంపితే తప్ప పోదు. అందుకే మీరు ఈ కార్డులో ఉన్న మాత్రలేవీ వేసుకోకూడదు. జ్వరం వచ్చినా, పుండు పడినా సరే. ఒకసారి కావలి చచ్చిందంటే మళ్ళీ పెట్టలేం. రెండోసారి ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి రానివ్వదు."

కార్డు మీద ఇరవై మూడు మందుల పేర్లు ఉన్నాయి. అప్పటికి నాకు చదువు కొత్త. కూడబలుక్కుని ఒక్కొక్కటీ అత్తకు చదివి వినిపించాను. లేచి వెళ్తుంటే మేడం వెనక నుంచి అన్నారు, "బలానికి రోజుకు రెండు గుడ్లు తినాలి. మానకూడదు." క్షయ రోగులకు జీవితమంతా ఆవిడ చెప్పిన మాటే అది. నా పెనిమిటికీ చెప్పారు. నోటికి అలవాటైన మాట.

ఆరుగురిలో వరదాచార్యులు గారు ఒక్కరే గుడ్డు ముట్టరు. ఆయన గుడిలో అర్చకులు. ఆయనకు పాలూ మినపసున్నీ చెప్పారు.

మూడేళ్ళు అందరూ బాగున్నారు. స్కాన్ తీస్తే గడ్డ చుట్టూ తెల్లటి గీత కనిపించేది, అచ్చు పెంకులాగే. అత్త మళ్ళీ నీళ్ళు మోసింది, వీధిలో వాళ్ళతో తగువులు పెట్టుకుంది. మూడో ఏడు వానల్లో ఆమెకు జ్వరం పట్టింది. పదకొండు రోజులు తడిగుడ్డ, గంజి, మిరియాల కషాయం. పక్కింటావిడ మాత్ర తెచ్చి, అందరం వేసుకునేదే కదా, ఏం కాదు వేసుకో అంది. అత్త ఒళ్ళు కాలిపోతూ కూడా పళ్ళు బిగించి తల తిప్పేసింది. "మాటిచ్చినాను," అంది. ఎవరికిచ్చిందో ఆ మాట, కావలికో మేడంకో.

నేను రోజూ డ్యూటీకి వెళ్ళేముందు రెండు గుడ్లు ఉడకబెట్టి, గిన్నెలో పెట్టి మూత వేసి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి గిన్నె ఖాళీగా ఉండేది.

నాలుగో ఏడు మొదలయ్యాక ఒకరి తర్వాత ఒకరుగా నలుగురికి గోడ కూలిపోయింది.

మొదట సరోజిని గారు. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన గౌరునాయుడు గారి భార్య. గొట్టం వేసి ఆమె ఊపిరితిత్తి కడిగిన నీళ్ళు తెచ్చి సీసాల్లో వేశాం. ఎనిమిది వారాలు చూశాం. పచ్చటి జున్ను పచ్చగానే ఉంది. కావలి చచ్చిపోయింది. ఆమె మూడు నెలలకు పోయింది. మిగతా ముగ్గురిదీ అదే కథ.

ఏదో ఇంట్లో ఎవరో మాత్ర వేసి ఉంటారని మేడం అనుకున్నారు. నాలుగిళ్ళకూ స్వయంగా వెళ్ళి అలమరల్లో, దిండ్ల కింద, దేవుడి గూళ్ళలో వెతికారు. ఎక్కడా ఒక్క మాత్ర దొరకలేదు. అనుమతులిచ్చే ఢిల్లీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, కారణం తేలేదాకా కొత్తగా ఎవరికీ ఇవ్వొద్దని. అప్పటికి మా వరండాలో పేర్లు రాయించుకుని కూర్చున్నవాళ్ళు నలభై మంది పైనే.

మా అత్త బాగానే ఉంది. స్కాన్‌లో గీత కూడా ఉంది. కానీ కావలి చచ్చినా గోడ కూలడానికి నెలలు పడుతుందని నాకు తెలుసు. రోజూ ఆమె దగ్గు వింటూ పడుకునేదాన్ని.

ఆ ఏడాదే దాలమ్మ కోళ్ళకు తెగులు తగిలింది. ఒక్క వారంలో అన్నీ పోయాయి. కొత్త పెట్టలు గుడ్లకు వచ్చేదాకా ఏం చెయ్యాలో తోచలేదు. మేడం ఢిల్లీలో ఉన్నారు. టెక్నీషియన్ కూర్మారావును అడిగితే, "గుడ్డు గుడ్డే కదా రత్నమ్మా, ఈ ఒక్కసారికి కానిచ్చేయ్," అన్నాడు. మా వీధి చివరి కొట్లో నాలుగు అట్టల గుడ్లు కొని తెచ్చి సీసాలు నింపాను.

వాటి మీద మేము ఎప్పుడూ దాచుకునే కావలి విత్తనం వేశారు. అది పెరక్కపోవడం అన్నది ఎరగం. ఆరు వారాలైంది. ఒక్క రవ్వ గింజ కూడా తేలలేదు.

మేడం సీసా ఎత్తి కిటికీ వెలుతురులో చూశారు. "గుడ్లు ఎక్కడివి?"

చెప్పాను.

"బజారు గుడ్డు వద్దని నీకు తెలుసు కదా. ఫారం కోళ్ళకు మేతలో మందు కలుపుతారు. ఈ రెండేళ్ళుగా తెగులు భయానికి మరీ ఎక్కువ కలుపుతున్నారట. ఆ మందు గుడ్డులోకి దిగుతుంది. ఉడికినా పోదు. దాని మీద కావలి ఎలా బతుకుతుంది?"

ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నేను మాత్రం ఆ సీసా వైపే చూస్తున్నాను. కొట్లో అట్టలు దించే మనిషి, నేను ఇంటికి గుడ్లు తెచ్చుకునే నీలం బుట్ట, మా ఇంట్లో మూత వేసిన గిన్నె, అన్నీ వరసగా కళ్ళముందుకు వచ్చాయి.

"మేడం," అన్నాను. "మా అత్తకు పెట్టేవి కూడా ఆ కొట్టు గుడ్లే."

మేడం సీసా బల్ల మీద పెట్టారు. పెట్టేటప్పుడు చప్పుడు కాలేదు, అంత మెల్లగా పెట్టారు.

"రోజుకు ఎన్ని?"

"మీరు చెప్పినట్టే. రెండు."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. తర్వాత వేళ్ళు ముడుస్తూ పేర్లు చెప్పుకున్నారు. సరోజిని. మిగతా ముగ్గురు. నలుగురూ గుడ్లు తిన్నవాళ్ళు. వరదాచార్యులు గారు తినలేదు, ఆయన బాగున్నారు. చివరి వేలు దగ్గర ఆగి నా వైపు చూశారు.

"మీ అత్తగారిని రేపే తీసుకురా."

గొట్టం వేయించుకోవడం అత్తకు ససేమిరా ఇష్టం లేదు. "నా నోట్లో పాము దూర్సినట్టు ఉంటాది," అంటూనే వేయించుకుంది. కావలి చచ్చి ఉంటే చేసేదేమీ లేదు. కొనఊపిరితో ఉంటే, గుడ్లు మానిస్తే కోలుకోవచ్చు. సీసాలు మాత్రం దాలమ్మ చెల్లెలి ఊరి నుంచి నాటుగుడ్లు తెప్పించి నేనే చేశాను. ఆరు సీసాలు. ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చెయ్యలేదు.

మర్నాడు పొద్దున గుడ్లు పెట్టకుండా బయల్దేరుతుంటే అత్త అడిగింది.

"ఏటే, ఈయాల గిన్నె బోర్లించేసినావు?"

"గుడ్లు మానెయ్యమన్నారు మేడం."

"మరింక ఎడతావా?"

"ఇంకెప్పుడూ పెట్టను."

"అమ్మయ్య," అంది. కారణమైనా అడగలేదు. అడగనందుకు నాకు హాయిగానే అనిపించింది.

వారాలు గడిచాయి. వెచ్చటి గదిలోకి వెళ్ళడానికి నాకు పనేమీ లేదు, అయినా రోజూ వెళ్ళేదాన్ని. రెండు వారాలు, మూడు వారాలు. పచ్చగానే ఉంది. "చూస్తే త్వరగా పెరగదు రత్నమ్మా," అనేవాడు కూర్మారావు. బజారు గుడ్ల సంగతి తేలాక అతను నా ముందు తల పూర్తిగా ఎత్తడం మానేశాడు. ఇంటికి వెళ్తే అత్త చింతపండులో గింజలు తీస్తూ, వీధిలో ఎవరు ఎవరిని ఏమన్నారో చెప్పేది. నేను ఆమె ఛాతీ వైపే చూస్తూ ఊ కొట్టేదాన్ని.

నాలుగో వారం గురువారం పొద్దున కూర్మారావు మా గదికి వచ్చి రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఆరు సీసాల్లోనూ రవ్వ చల్లినట్టుంది. చల్లినట్టు కూడా కాదు, కుమ్మరించినట్టుంది. మీగడ రంగులో, కిక్కిరిసి.

అక్కడే గోడకు ఆనుకున్నాను.

మేడం వచ్చి చూశారు. ఆవిడ మొహం తేటపడలేదు.

"ఇది కొనఊపిరితో ఉన్న కావలి కాదు," అన్నారు. "ఒక్క దెబ్బ కూడా తగల్లేదు దీనికి. నాలుగేళ్ళు రోజుకు రెండు చొప్పున ఆ గుడ్లే తిన్న మనిషిలో ఇంత పుష్టిగా ఎలా ఉంటుంది? అంటే కారణం గుడ్లు కాదు. మనం మళ్ళీ మొదటికి వచ్చాం."

కారణం తెలియకపోతే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. వరండాలో వాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోవాలి. మా అత్త కావలిని రేపు ఏది చంపుతుందో కూడా తెలియదు. నా సంతోషం అక్కడే సగమైపోయింది.

ఆదివారం పొద్దున మేడం మా ఇంటికి వచ్చారు. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన మా వీధి కుక్క సింగడు పడుకుని ఉన్నాడు. మేడం కుర్చీ వద్దని అత్త పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. ఏం తింటారు, ఎప్పుడు తింటారు, ఎవరు వండుతారు అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. గుడ్ల దగ్గరకు వచ్చేసరికి అత్త వీధి వైపు చూసింది.

"తినీదాన్ని," అంది.

"రెండూనా?"

"రెండూ పోయీవి."

మేడం రాయడం ఆపారు. ఆవిడ చూపు సింగడి మీద పడింది. మా వీధిలో మిగతా కుక్కలన్నీ డొక్కలు ఎండి ఉంటాయి. వీడి ఒళ్ళు మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది.

"పైడమ్మగారూ, నేను తిట్టడానికి రాలేదు. మీరు నిజం చెబితే ఎంతోమందికి మేలు."

"నువ్వు తిట్టవు. నా కోడలు తిడతాది."

"తిట్టను అత్తా, చెప్పు," అన్నాను.

అత్త చేతిలో చింతపండు పక్కన పెట్టింది. కొంగుతో వేళ్ళు తుడుచుకుంది.

"నానొక్కటీ తిన్నేదు. మొదటి రోజునుంచీ ఈడికే. నువ్వు సందు మలుపు తిరగ్గానే వచ్చి కూకుంటాడు." సింగడు తన మాటే అని తెలిసినట్టు తోక కదిలించాడు. "అప్పుడు మా గుంటడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, రోజుకు రెండు ఎట్టమన్నావు కదా డాక్టరమ్మా. పద్నాలుగు నెల్లు నానే ఒలిసి ఎట్టినాను. ఆకరికి ఆడు మింగలేకపోయినా, చిన్న చిన్న ముక్కలు సేసి ఎట్టినాను. ఆడు పోయినాక ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన నా సేతుల్నించి పోలేదు. గుడ్డు పెంకు తీస్తే ఆడి మంచమే కనిపిస్తాది. ఎలా తింటాను?"

నేను ఆమె కోడల్ని. పన్నెండేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. ఆ మాట నాకు తెలియదు.

మేడం పుస్తకం మూసేశారు. ఆవిడకు కావలసింది దొరికింది. గుడ్డు తిన్న నలుగురిలో కావలి చచ్చింది. తినని ఇద్దరిలో బతికింది. ఇక సందేహం లేదు. అయినా ఆవిడ లేవలేదు.

"నా మాట విన్న నలుగురూ పోయారు పైడమ్మగారూ," అన్నారు. "వినని మీరు మిగిలారు."

"నువ్వేమన్నా ఇసం ఎట్టమన్నావా? తిండి ఎట్టమన్నావు."

"ఇప్పుడు ఇది పత్రికలో రాయాలి. రాయకపోతే ఇంకొకచోట ఇంకొకరు ఇదే చేస్తారు. కానీ రాస్తే ఆ నాలుగిళ్ళలో వాళ్ళకు తెలుస్తుంది, చేతులారా ఏం పెట్టారో. వాళ్ళ చేతులకీ ఆ వాసన పట్టుకుంటుంది."

అత్త సింగడి వీపు నిమిరింది. "కాయితంలో సూసి తెలుసుకుంటే పట్టుకుంటాది," అంది. "నువ్వు ఎల్లి ఎదురుగా కూకుని సెప్పు. సగం నువ్వు పట్టుకెళ్ళిపో."

మేడం నాలుగిళ్ళకూ వెళ్ళారు. గౌరునాయుడు గారింటికి నన్ను కూడా తీసుకెళ్ళారు. ఎందుకు తీసుకెళ్ళారో చెప్పలేదు. ఒక్కరే వెళ్ళలేకపోయారనుకుంటాను.

ఆయన పెరట్లో కనకాంబరాలకు నీళ్ళు పోస్తున్నారు. మమ్మల్ని చూసి పంపు కట్టేశారు. మేడం ఏదీ దాచకుండా, ఏదీ సాగదీయకుండా చెప్పారు. కావలి ఎలా చచ్చిందో, ఆ మందు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పి, "గుడ్లు తినమన్నది నేను. ఆ గుడ్ల సంగతి నా లేబొరేటరీలో గోడ మీద రాసి ఉంది. రోగుల పళ్ళెంలోకీ అవే వెళ్తాయని నాకు తోచలేదు. తప్పు చెప్పినదానిది నాయుడుగారూ, పెట్టినవారిది కాదు," అన్నారు.

ఆయన చేతిలో చెంబు పంపు పక్కన పెట్టారు.

"సరోజినికి రెండోది ఇష్టముండేది కాదు," అన్నారు. "నాకు తినిపించబోయేది. నువ్వే తినాలి, డాక్టరుగారు చెప్పారు అని నేను పోట్లాడేవాణ్ణి."

మేడం తల దించుకోలేదు. ఆయన కళ్ళలోకే చూస్తూ నిలబడ్డారు. నేను మాత్రం కనకాంబరాల వైపు తిరిగాను.

"ఇప్పుడు తెలిసింది కదా," అన్నారాయన. "మిగతావాళ్ళకు పనిచేస్తుందా?"

"చేస్తుంది."

"అయితే ఆవిడ పేరు కూడా రాయండి మీ కాగితంలో. ఒకటో నంబరు రోగి అని వద్దు. పేరు రాయండి."

రాశారు. ఆ వ్యాసంలో మొదటి పేరాలోనే, ఆ సలహా తనదని కూడా రాశారు. ఢిల్లీ వాళ్ళు పని మళ్ళీ మొదలుపెట్టనిచ్చారు. మేడంను మాత్రం తప్పించి ఆ కుర్చీలో మరొకరిని కూర్చోబెట్టారు. ఆవిడ దాని గురించి ఒక్క మాట అనగా నేను వినలేదు. రోగులకు ఇచ్చే కార్డు మళ్ళీ అచ్చు వేశారు. ఇరవై మూడు మందుల పేర్ల కింద ఇరవై నాలుగోది బజారు గుడ్డు.

లేబొరేటరీ నుంచి వెళ్ళిపోయే రోజు మేడం నా గదికి వచ్చి, దాలమ్మ కొత్త పెట్టల గుడ్లు రెండు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు. "ఇవి సీసాల్లోకి కాదు," అన్నారు.

మర్నాడు పొద్దున వాటిని ఉడకబెట్టాను. ఎందుకు ఉడకబెట్టానో నాకూ తెలియదు. అత్త తినదు. సింగడు అప్పటికే గుమ్మంలో ముందుకాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆ వేళకు రావడం వాడు మానలేదు.

నేను డ్యూటీకి సంచీ సర్దుకుంటుంటే అత్త గిన్నె దగ్గరకు జరిగింది. ఒక గుడ్డు తీసి నేలకేసి తట్టింది. మొహం కాస్త పక్కకు తిప్పుకుని, మెల్లగా పెంకు ఒలిచింది. పొర కూడా తీసింది. రెండుగా చీల్చి ఉప్పు చల్లింది.

"ఇలా రా," అంది.

"ఎవరికత్తా?"

"నీకే. రోజుకు యాభై పగలగొడతావు. నీకెవులైనా ఒకటి ఒలిసి ఎట్టినారేటి?"

నేను ఆమె పక్కన కూర్చుని తిన్నాను. నేను తిన్నంతసేపూ ఆమె తన చేతులు చూసుకుంటూ కూర్చుంది, కడుక్కోవడానికి లేవలేదు. రెండోది ఎప్పటిలాగే సింగడికి వేసింది.